అల్యూమినియం తలకాయ

పురాణాల్లో తలమార్పిడి అనగానే ఇద్దరు గుర్తొస్తారు. వినాయకుడికి ఏనుగు తల పెట్టారు, దక్షుడికి గొర్రె తల పెట్టారు. ఆ ఇద్దరికీ ఉన్న తల తెగిపడింది కాబట్టి వేరే తల వెతకాల్సి వచ్చింది. ఉన్న తల నిక్షేపంగా పనిచేస్తుండగానే, ఎవరిదో తళతళలాడుతోందని మార్చబోయిన మొనగాడు మాత్రం మా రాజంపేటలోనే పుట్టాడు. తల ఆయనది కాదు లెండి, ఆయన బండిది. ఆయన తలకు రిపేరు చేసే షెడ్డు మా ఊళ్లో ఇంకా తెరవలేదు.

పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, వీధికొకడున్నాడు. జీపన్న అనుకుందాం.

జీపన్న పన్నెండేళ్లు కువైట్‌లో డ్రైవరు. మా వైపు ఆకాశంలో విమానం పోతే పిల్లోళ్లు ‘మా నాయన పోతాండాడు’ అంటారు, అంతగా కువైట్ మాకు పక్క మండలం. అక్కడ జీపన్న సేటు దగ్గర ఒక నిస్సాన్ పెట్రోల్ ఉండేది. పెట్రోల్ అంటే ఇంధనం కాదు, బండి పేరే అది. వరసగా ఆరు సిలిండర్లు, 4.8 లీటర్ల ఇంజను. శుక్రవారం పూట సేటు కొడుకు దాన్ని ఎడారికి తీసుకుపోయి ఇసుకదిబ్బ మీదికి ఎగబాకిస్తుంటే, మనవాడు దిబ్బ కింద నీళ్ల సీసా పట్టుకుని నిలబడేవాడు. కల పుట్టింది అక్కడే. ఏనాటికైనా తనూ ఆరు సిలిండర్ల బండి ఎక్కాలి, కింద వేరేవాడు సీసా పట్టుకుని నిలబడాలి.

తిరిగొచ్చాక కొన్నాడు, జోంగా. తెలియనివాళ్లకు చెప్పాలంటే జోంగా మన సైన్యం బండి. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న పొడుగాటి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కుదిస్తే వచ్చిన ముద్దుపేరు. నిస్సాన్ పెట్రోల్ పాత తరం నమూనాను 1969 నుంచి మూడు దశాబ్దాల పాటు జబల్‌పూర్ ఫ్యాక్టరీలో తయారుచేశారు. ఆరు సిలిండర్లు, దగ్గర దగ్గర నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. లీటరుకు ఐదారు కిలోమీటర్లిస్తే కొబ్బరికాయ కొట్టాలి. 2019లో ధోనీ ఒకటి కొని రాంచీ వీధుల్లో తిప్పినప్పటి నుంచి మా జీపన్నకు నిద్ర కరువైంది. పెళ్లాం గాజులు కుదువకు పోయి, పచ్చరంగు పూసుకున్న జోంగా ఇంటి ముందుకొచ్చింది.

రాజంపేటలో ఆఫ్‌రోడ్ బండి దేనికని అడగొద్దు. కొన్ని ఊళ్లలో రోడ్డు దిగితే ఆఫ్‌రోడ్. మా పల్లెలకు పోయే కొన్ని దార్లలో రోడ్డు మీద పోయినా ఆఫ్‌రోడే. ఆ లెక్కన మా ఆర్టీసీ బస్సుల్ని మించిన ఆఫ్‌రోడ్ వీరులు ప్రపంచంలో లేరు. కాకపోతే వాటి వెనకాల స్టిక్కర్లుండవు.

బండి వచ్చిన మొదటి వేసవి. మే నెల కడప ఎండ సంగతి చెప్పేదేముంది, నలభై దాటడం వార్త కాదు, దాటకపోవడం వార్త. కడప నుంచి వస్తూ ఒంటిమిట్ట చేరేలోపు ముల్లు ఎర్రగీతను ముద్దు పెట్టుకుంది. చెరువుకట్ట దగ్గర బానెట్ ఎత్తితే ఆవిరి బుస్సుమంది. రాములవారి దర్శనానికి వచ్చినవాళ్లు తలా ఒక సలహా పడేసి పోయారు.

తెల్లారి లేత్ షెడ్డు పక్కనున్న మేస్త్రీ దగ్గరికి తోలాడు. మేస్త్రీకి అరవై ఏళ్లు, చెవి ఆనించి ఇంజను జబ్బు చెప్పేరకం. రేడియేటరు మూత తిప్పి, లోపల వేలు పెట్టి, తెల్లటి పొట్టు తీసి చూపించాడు.

“సున్నం కట్టిందన్నా. బోరునీళ్లు పోస్తాండావు గదా?”

“నీళ్లు నీళ్లేలే మేస్త్రీ.”

“మనిషికే పడని నీళ్లు ఇంజనుకు యాడ పడతాయన్నా? థర్మోస్టాటు గూడా ఎవురో పీకేసినారు. రేడియేటరు విప్పి కడుగుతా, థర్మోస్టాటు పెడతా, కూలెంటు పోస్తా. రెండు వేలవుతాది.”

ఇక్కడ జీపన్న ముఖం చూడాల్సింది. గుండెనొప్పని హైదరాబాదు పోయినవాడికి పెద్దడాక్టరు ‘గ్యాసు, రాత్రిపూట బజ్జీలు మానెయ్’ అని పంపిస్తే వచ్చే అవమానం అది.

“రెండు వేల రోగమా నా బండిది?”

మా సీమలో పరువుకు ఒక రేటుంది. రోగం చిన్నదైతే మనిషి చిన్నవాడైపోతాడు. కడిగితే పోయే జబ్బు పేదోడి జబ్బు. మారిస్తే గానీ పోనిదే పెద్దింటి జబ్బు.

ఆ రాత్రే అమెరికాలో ఉన్న బామ్మర్దికి ఫోన్ పోయింది. డల్లాస్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునే బామ్మర్దికి ఆదివారాలు జీపుల పిచ్చి. అక్కడ 1987 నుంచి 2006 దాకా జీపుల్లో నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. బ్లాకూ ఇనుమే, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ ఇనుమే. మొండిది, లక్షల మైళ్లు తిరిగినా మూలగదని పేరు. ఆ ఇనుప హెడ్డు తీసేసి అల్యూమినియం హెడ్డు వేసుకోవడం అక్కడొక ముచ్చట. దానికోసమే పోతపోసి అమ్మే కంపెనీలు ఉన్నాయి.

బామ్మర్ది చెప్పిన నాలుగు ముక్కలూ నిజాలే. ఒకటి, బరువు. ఘన సెంటీమీటరు పోత ఇనుము ఏడు గ్రాములకు పైగా తూగితే, అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది. రెండు, వేడి. హెడ్ల పోతకు వాడే అల్యూమినియం ఇనుము కంటే దాదాపు మూడింతలు చురుగ్గా వేడిని లాగి నీళ్లకు అప్పజెబుతుంది. మూడు, బలం. సిలిండరు పైభాగం అంత తొందరగా చల్లబడుతుంది కాబట్టి కంప్రెషన్ కొంచెం పెంచుకున్నా ఇంజను టకటక కొట్టుకోదు, గాలి పోయే దార్లు కూడా విశాలంగా తొలుస్తారు, ఆ మేరకు హార్స్‌పవరు పెరుగుతుంది. నాలుగు, వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెండింతలు సాగుతుంది. కింద ఇనుప బ్లాకు ఒకంతు సాగితే పైన హెడ్డు రెండంతులు సాగుతుంది, మధ్యలో గాస్కెట్టు అత్తాకోడళ్ల నడుమ మగాడిలా నలిగిపోతుంది. అందువల్ల నీళ్లు శుద్ధంగా ఉండాలి, ఒక్కసారి కూడా హీటెక్కనివ్వకూడదు, హెడ్డు వంకరపోతే…

నాలుగో ముక్క దగ్గర సిగ్నల్ పోయింది. సిగ్నల్ పోయిందో, జీపన్నే పోగొట్టుకున్నాడో మనకు తెలియదు. మొత్తానికి మొదటి మూడు ముక్కలు రాజంపేట చేరాయి, నాలుగోది అట్లాంటిక్‌లో మునిగింది.

రెండు నెలలకు పెట్టె దిగింది. హెడ్డు ధర, ఓడ కిరాయి, కస్టమ్స్ సుంకం కలిపితే ఎంతైందో భార్యకు చెప్పలేదు. ఆమె చెవికమ్మలు చూసుకుని లెక్క కట్టుకుంది. పెట్టె విప్పేరోజు ఇంటి ముందు జనం. పాలరంగులో తళతళలాడే హెడ్డును బయటికి తీసి పసుపు రాసి బొట్టు పెట్టారు. వినాయకుడికి చెప్పుకున్నాం గదా, తలమార్పిడి దేవుడు, ఆయన పేరుతో ఒక టెంకాయ. “రెండు చేతుల్తో ఒక్కడే ఎత్తుతాండాడు సూడు, ఇనుపదైతే నడుములు పోయేవి” అని ఒక పెద్దాయన మెచ్చుకున్నాడు. అప్పటికది చేసిన ఉపకారం అదొక్కటే.

మేస్త్రీ వెర్నియరు పట్టుకొచ్చాడు. హెడ్డు గుంటలు కొలిచాడు. బండి దగ్గరికి పోయి పాత కాయితాలు తిరగేశాడు. వచ్చి నేల మీద కూర్చున్నాడు.

“అన్నా, ఇది నీ బండిది కాదు.”

“అదెట్ల? అదీ ఆరు సిలిండర్లే, ఇదీ ఆరే. అదీ నాలుగు లీటర్లే, ఇదీ నాలుగే. అదీ ఇనుమే, ఇదీ ఇనుమే!”

జాతకాలు కుదిరినట్టే ఉంది, పెళ్లికొడుకే వేరు. రెండు ఇంజన్లూ నాలుగు లీటర్ల లెక్కకు వచ్చేవే. కాని జోంగా సిలిండరు సన్నగా పొడుగ్గా ఉంటుంది, వెడల్పు 85.7 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 114.3. అమెరికా జీపుది లావుగా పొట్టిగా ఉంటుంది, వెడల్పు 98 పైన, నడక 87 లోపు. ఒకటి జపాను వంశం, ఒకటి అమెరికా గోత్రం. చెంబులోనూ లీటరు పడుతుంది, గిన్నెలోనూ లీటరు పడుతుంది. గిన్నె మూత చెంబుకు పెట్టి చూడండి.

సామాన్యుడైతే ఇక్కడ ఆగిపోతాడు. జీపన్న ఆగలేదు. “ఇంజనుకు హెడ్డు కుదరకుంటే హెడ్డుకు కుదిరే ఇంజను తెప్పిస్తా” అన్నాడు. గుండీ దొరికింది గదా, ఇంక చొక్కా కుట్టిస్తే సరి.

ఊళ్లో ఒక రిటైర్డు గుమాస్తా అడ్డం పడ్డాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్దేశించినదానికీ, రిజిస్ట్రేషన్ కాయితంలో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చే హక్కు సొంతదారుకు లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, కాదంటే రెండూ అని రాశారు. పాత ఇంజను కాలం చెల్లితే మార్చుకోవచ్చు గాని దానికి ఆర్టీయే అనుమతి ఉండాలి. ఇదంతా విని జీపన్న అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఐదువేలేనా?” రెండు వేల రోగం ఆయనకు ఎంత చిన్నతనమో, ఐదు వేల జరిమానా కూడా అంతే చిన్నతనం.

అప్పుడు మేస్త్రీ ఒక మాట అడిగాడు. ఈ కథలో పనికొచ్చే మాట అదొక్కటే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“కువైట్‌లో పొద్దున్నే లేచి ఏం చేస్తాంటివన్నా?”

“బానెట్ ఎత్తి కూలెంటు చూసేవాణ్ని. ఆయిల్ పుల్ల తీసి చూసేవాణ్ని. టైర్లలో గాలి చూసేవాణ్ని. ఒక్కరోజు తప్పినా సేటు ఊరుకోడు.”

“పన్నెండేండ్లు?”

“పన్నెండేండ్లు.”

“మరి ఈడ?”

“ఈడ నేను ఓనర్ని గదా మేస్త్రీ!”

బానెట్ ఎత్తి చూడటం మన దగ్గర జీతగాడి పని. మార్చడం యజమాని పని. చూసుకునేవాడు కూలి, మార్చేవాడు దొర. ఊడ్చేవాడికి చీపురు మిగులుతుంది, కట్టించినవాడికి శిలాఫలకం మిగులుతుంది.

జీపన్నను చూసి నవ్వుకోవడం సులువు, ఆయన కాల్చుకున్నది సొంత డబ్బు. అదే పిచ్చి ప్రజల డబ్బుతో చేస్తే దానికి అభివృద్ధి అని పేరు.

హెడ్డు అంటే మాకు ఇంకో హెడ్డు గుర్తొస్తుంది. 2022లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు మా తాళ్లపాక అన్నమయ్య పేరు జిల్లాకు పెట్టారు, హెడ్‌క్వార్టరు మాత్రం రాయచోటికి ఇచ్చారు. లోక్‌సభ స్థానం పేరు మాది, అప్పట్లో జిల్లా పేరు మావాడిది, తలకాయ మాత్రం ఇంకోచోట. బందులు చేశాం, దీక్షలు చేశాం, రోడ్డెక్కాం. తప్పు లేదు, హక్కు అడిగాం. కాని ఆ టెంటు కింద కూర్చున్నవాళ్లలో ఎంతమంది అంతకు ముందు ఎప్పుడైనా మా చెయ్యేరు నది మీది ప్రాజెక్టు గేట్లకు గ్రీజు పెట్టారా అని అడిగి ఉంటారు? తలకాయ కోసం టెంటు వేస్తాం, గ్రీజు కోసం ఎవడైనా టెంటు వేస్తాడా?

2021 నవంబరు 19 తెల్లవారుజామున పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. దాని వెనకే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు. ఆ పేర్లు రాస్తున్నప్పుడు వ్యంగ్యం పక్కన పెట్టాలి. నిద్రలో ఉన్నవాళ్లు పోయారు, గొడ్లు పోయాయి, పొలాల మీద ఇసుక మేట వేసింది.

ప్రాజెక్టుకు ఐదు గేట్లు, అందులో ఒకటి తెరుచుకోలేదు అని ఆ తర్వాత నెలలో రాజ్యసభలో కేంద్ర జలశక్తి మంత్రే చెప్పారు. కాదు, కనీవినీ ఎరగని వాన, వరద ముందు గేట్లు ఎన్నున్నా చాలవు అని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. వరద పెద్దదన్నది నిజమే. కాని వరద పెద్దదైన రోజునే గదా ప్రతి గేటూ కావాల్సింది! ఎండాకాలంలో తెరుచుకునే గేటుతో ఏం చేసుకుంటాం, మామిడికాయలు ఆరబెట్టుకుంటామా?

కొట్టుకుపోయాక ఏం మాట్లాడుకున్నాం? కొత్త డిజైను, ఎక్కువ గేట్లు, పెద్ద కట్ట, కొత్త అంచనా. కావాల్సిందే, కట్టాల్సిందే. కాని అల్యూమినియం హెడ్డు గురించి బామ్మర్ది చెబుతుండగా అట్లాంటిక్‌లో మునిగిన నాలుగో ముక్క ఇక్కడా ఉంది. తల ఎంత గొప్పదైతే అంత సేవ అడుగుతుంది. ఇనుప హెడ్డు మొండిది, బోరునీళ్లు పోసినా, ఒకటి రెండుసార్లు కాగినా నాలుగేళ్లు ఓర్చుకుంటుంది. అల్యూమినియం ఓర్చుకోదు. ఇనుమూ అల్యూమినియమూ పక్కపక్కన పెట్టి నడుమ ఉప్పునీళ్లు పోస్తే అది ఇంజను కాదు, బ్యాటరీ అవుతుంది. అందులో ముందు కరిగేది ఆ తళతళలాడే లోహమే. బోల్టులు కూడా చేతి అంచనాతో బిగిస్తే కుదరదు, టార్క్ రెంచి పట్టుకుని మధ్యలోంచి అంచులకు వరస తప్పకుండా బిగించాలి. ఐదు గేట్లకు గ్రీజు పెట్టలేనివాళ్లకు ఎక్కువ గేట్లిస్తే, ఇరుక్కునే గేట్లు కూడా లెక్కకు ఎక్కువ అవుతాయి.

ఈ ముక్క మా పక్కూరికి ఒకప్పుడు బాగా తెలుసు. నందలూరులో ఆవిరి ఇంజన్ల లోకోషెడ్డు ఉండేది, మద్రాసు–బొంబాయి లైనులో పేరు మోసింది. అక్కడే ఎందుకు పెట్టారంటే పెద్దోళ్లు చెప్పే సమాధానం ఒకటే, చెయ్యేటి నీళ్లు. ఆ నీళ్లకు బాయిలర్లో సున్నం పేరుకోదని దొరలు ఎంచుకున్నారట. వాళ్ల దొరతనం మనకొద్దు గాని, ఇంజను పెట్టేముందు నీళ్లు చూడాలన్న ఇంగితం మాత్రం దాచుకోదగ్గది. ఇప్పుడు లోకోషెడ్డు లేదు, ఆవిరి ఇంజన్లు లేవు. చెయ్యేటి ఇసుకైతే లారీలకెక్కి పోతూనే ఉంది.

మా తాళ్లపాకాయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో దాచారు. దాదాపు నాలుగు వందల ఏళ్లకు తీసి చూస్తే, దొరికిన రేకుల మీద అక్షరాలు నిలిచే ఉన్నాయి. రాగి గొప్పదనం కొంత, దాచినవాడి శ్రద్ధ కొంత. మనం హైవే పక్కన ఆయనకు 108 అడుగుల విగ్రహం నిలబెట్టాం. ఎత్తు మన భక్తికి కొలత. విగ్రహం మెడ ఎత్తి చూస్తే కనిపిస్తుంది, అర తలుపు తీసేవాడికి గానీ కనిపించదు.

మళ్లీ జీపన్న దగ్గరికి వద్దాం. అమెరికా ఇంజను కొనే డబ్బు పుట్టలేదు. హెడ్డు వెనక్కి పంపితే ఓడ కిరాయి హెడ్డు ధరను మించేట్టుంది. ఆఖరికి దాన్ని ముందుగదిలో టీవీ కింద గుడ్డ పరిచి పెట్టారు. వచ్చినవాళ్లందరూ ఒకసారి తట్టి చూస్తారు. ఖంగుమంటుంది. మా ఊళ్లో ఖాళీ తలకాయలు చాలా ఉన్నాయి గాని ఇంత శ్రావ్యంగా మోగేది ఇదొక్కటే.

జోంగా మాత్రం షెడ్డులో నిలబడే ఉంది. మేస్త్రీకి మనసొప్పలేదు. జీపన్న తిరుమల పోయిన రెండు రోజుల్లో రేడియేటరు దించి, సున్నం కడిగి, థర్మోస్టాటు పెట్టి, గొట్టాలు మార్చి, కొలిచి కూలెంటు పోశాడు. పాత ఇనుప హెడ్డును కనీసం విప్పలేదు. వచ్చిన మర్నాడు మిట్టమధ్యాహ్నం జీపన్న కడప దాకా తోలుకుపోయి తిరిగొచ్చాడు. ఒంటిమిట్ట దాటింది, నందలూరు దాటింది, ముల్లు నడిమిలోంచి కదల్లేదు.

ఆ సాయంత్రం పాత బస్టాండు దగ్గర టీ బంకులో జీపన్న చెప్తున్నది నా చెవులతో విన్నాను.

“అల్యూమినియం హెడ్డు ఇంట్లో అడుగు పెట్టిన వేళావిశేషం రా! బండి ఇంక హీటెక్కే మాటే లేదు!”

పక్కనున్నవాళ్లు అవునవునన్నారు. ఇద్దరు కుర్రోళ్లు ఆ కంపెనీ పేరు అడిగి ఫోన్లో రాసుకున్నారు.

మేస్త్రీకి రెండు వేలు ఇంకా ముట్టలేదు. అడిగితే, హెడ్డు కొన్నాక చెయ్యి ఖాళీగా ఉందన్నాడంట.